కాటలోనియా చిక్కుముడి: నిర్ణయించే హక్కు ఎవరిది?

స్పెయిన్ ఈశాన్యాన ఉన్న స్వయంప్రతిపత్తి ప్రాంతం కాటలోనియా. దాని పార్లమెంటులో మొత్తం 135 స్థానాలున్నాయి. ఆ ప్రాంతపు అధికారాలను నిర్దేశించే స్వయంప్రతిపత్తి శాసనంలో ఒక్క నిబంధన మార్చాలన్నా సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది, అంటే 90 మంది, ఒప్పుకుని తీరాలి. అదే పార్లమెంటు 2017 సెప్టెంబరు 6న స్పెయిన్ నుంచి విడిపోవడంపై ప్రజాభిప్రాయ సేకరణ జరపాలనీ, అనుకూలంగా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఫలితాలు వెలువడిన రెండు రోజుల్లో స్వాతంత్ర్య ప్రకటన కోసం సమావేశం కావాలనీ చెప్పే చట్టాన్ని 72 ఓట్లతో ఆమోదించింది. ఇది చెల్లదని సభ న్యాయ సలహాదారులు అంతకుముందే హెచ్చరించారు. ప్రతిపక్ష సభ్యుల్లో అత్యధికులు ఓటింగుకు ముందు బయటికి వెళ్ళిపోయారు. 11 మంది తటస్థంగా ఉండిపోయారు. ఒక శాసనాన్ని సవరించడానికి చాలని బలం, ఒక దేశం నుంచి వేరుపడడానికి ఎలా చాలుతుందన్నది స్పెయిన్ సమైక్యతను కోరేవారు నాటి నుంచి నేటి దాకా అడుగుతున్న ప్రశ్న.

న్యాయమైన ప్రశ్నే. అయితే దానికి ఎదురుగా మరో ప్రశ్న నిలబడి ఉంది. 2005లో ఇదే పార్లమెంటు 135కు 120 ఓట్లతో కొత్త స్వయంప్రతిపత్తి శాసనాన్ని రాసుకుంది. స్పెయిన్ పార్లమెంటు దాన్ని కత్తిరించి ఆమోదించింది. కాటలోనియా ప్రజలు 2006లో ఓటేసి ఖాయం చేశారు. ఇన్ని మెట్లు ఎక్కిన శాసనాన్ని నాలుగేళ్ళ తర్వాత రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేతలతో, షరతులతో కుదించింది. 72 ఎలా చాలిందని అడిగేవారికి, 120 ఎందుకు చాలలేదన్నది కాటలన్ జాతీయవాదుల జవాబు. విడిపోతే మంచిదా చెడ్డదా అన్న వాదన కన్నా, ఆ మాట తేల్చవలసింది ఎవరన్న తగాదాయే ఈ వ్యవహారానికి వెన్నెముక అని నేను భావిస్తాను. ఆ తగాదాను ఓటుతో తీర్చుకోవడం సాధ్యం కాదు. ఎవరు ఓటు వేయాలో ముందు తేలితేగాని ఓటింగు మొదలు కాదు కాబట్టి.

చరిత్రను క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. అరగాన్ రాజ్యకూటమిలో భాగంగా కాటలోనియాకు సొంత చట్టాలు, సొంత సభలు ఉండేవి. స్పెయిన్ సింహాసనం కోసం జరిగిన వారసత్వ యుద్ధంలో 1714 సెప్టెంబరు 11న బార్సిలోనా ఐదవ ఫెలిపే సేనలకు లొంగిపోయింది. 1716 నాటి శాసనంతో ఆ సంస్థలన్నీ రద్దయ్యాయి. ఓడిపోయిన ఆ తేదీనే కాటలన్లు తమ జాతీయ దినంగా, 'దియాదా' పేరుతో జరుపుకుంటారు. 1930ల రిపబ్లిక్ కాలంలో స్వయంపాలన తిరిగి వచ్చింది. అంతర్యుద్ధంలో ఫ్రాంకో గెలవడంతో పోయింది. నాటి కాటలన్ ప్రభుత్వాధినేత లూయిస్ కంపానీస్‌ను జర్మన్లు ఫ్రాన్సులో పట్టి అప్పగించగా, 1940 అక్టోబరులో మోంజుయిక్ కోటలో కాల్చి చంపారు. ఫ్రాంకో నియంతృత్వంలో కాటలన్ భాషకు బడిలోనూ కచేరీలోనూ చోటు లేకుండా పోయింది. ఇక్కడొక సంగతి మరచిపోకూడదు: ఇంత జరిగినా, ఫ్రాంకో మరణించాక మూడు దశాబ్దాల పాటు కాటలన్ రాజకీయాల్లో స్వాతంత్ర్యవాదం ప్రధాన స్రవంతి కాలేదు. 1980 నుంచి 2003 దాకా పాలించిన జోర్డి పుజోల్ మాడ్రిడ్‌తో బేరమాడి అధికారాలు రాబట్టుకోవడాన్నే నమ్ముకున్నాడు తప్ప విడిపోదామనలేదు. కాబట్టి నేటి ఉద్యమం మూడు వందల ఏళ్ళ గాయం నుంచి నేరుగా పుట్టిందన్న వాదన వినడానికి బాగుంటుంది గాని, కాలక్రమంతో పొసగదు.

1978 రాజ్యాంగంలోనే రాజీ ఉంది, ఆ రాజీలోనే ముడి ఉంది. దాని రెండవ అధికరణం 'స్పానిష్ జాతి విడదీయరాని ఐక్యత' గురించి చెప్పి, అదే వాక్యంలో 'జాతిసముదాయాలకు, ప్రాంతాలకు' స్వయంప్రతిపత్తి హక్కు ఇచ్చింది. మొదటి అధికరణం జాతీయ సార్వభౌమాధికారం మొత్తం స్పానిష్ ప్రజలదంటుంది. ప్రజాభిప్రాయ సేకరణకు అనుమతించే అధికారం కేంద్ర ప్రభుత్వానికే ఉంది. ఈ పునాదులను మార్చాలంటే ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల మెజారిటీ, ఆ వెంటనే సభల రద్దు, కొత్త సభల్లో మళ్ళీ అదే మెజారిటీ, చివరగా దేశమంతటా ఓటింగు కావాలి. తలుపు మూసి ఉందని అనలేము; కాని దాని తాళంచెవి కాటలోనియా చేతిలో ఎన్నడూ ఉండదు. ఆ రాజ్యాంగానికి కాటలోనియాలో నాడు పోలైన ఓట్లలో 90 శాతానికి పైగా అనుకూలంగా పడ్డాయన్నది సమైక్యవాదులు తరచూ గుర్తుచేసే వాస్తవం.

ఆ రాజీలో డబ్బు విషయంలో ఒక తేడా జరిగింది. బాస్క్ ప్రాంతమూ నవార్రా తమ చారిత్రక హక్కుల పేరుతో పన్నులన్నీ తామే వసూలు చేసుకుని, కేంద్రం తమ కోసం చేసే పనులకు ఒక వాటా చెల్లించే పద్ధతిని దక్కించుకున్నాయి. కాటలోనియా మాత్రం మిగతా ప్రాంతాలతో పాటు సాధారణ పద్ధతిలో ఉండిపోయింది. ఈ పద్ధతిలో ప్రధాన పన్నులను కేంద్ర సంస్థ వసూలు చేస్తుంది. 2009 నమూనా ప్రకారం ఆదాయపు పన్నులో సగం, విలువ ఆధారిత పన్నులో సగం, ఇంధనం, మద్యం, పొగాకు వంటి వాటిపై పన్నుల్లో 58 శాతం ప్రాంతాలకు వెళతాయి. ఆ పైన సంపన్న ప్రాంతాల నుంచి పేద ప్రాంతాలకు మళ్ళించే సమీకరణ నిధులుంటాయి. దేశ జనాభాలో సుమారు 16 శాతం, ఉత్పత్తిలో దాదాపు 19 శాతం ఉన్న కాటలోనియా ఇచ్చేది ఎక్కువ, పుచ్చుకునేది తక్కువ అన్నంత వరకు వివాదం లేదు. ఎంత తక్కువ అన్నదే వివాదం. కాటలన్ ప్రభుత్వం తమ ప్రాంతంలో ఖర్చుపెట్టిన డబ్బును మాత్రమే లెక్కలోకి తీసుకుని, లోటు తమ స్థూల ఉత్పత్తిలో ఏటా 8 శాతం వరకు ఉంటుందని చెబుతూ వచ్చింది. సైన్యం, దౌత్యం, జాతీయ సంస్థల వంటి ఉమ్మడి ఖర్చుల లాభం ఎక్కడున్న పౌరుడికైనా చేరుతుందని లెక్కగట్టే రెండో పద్ధతిలో ఆ అంకె బాగా తగ్గుతుంది. రెండూ అర్థశాస్త్రంలో గుర్తింపు ఉన్న పద్ధతులే. ఒకటి డబ్బు ఎక్కడ ఖర్చయిందని అడుగుతుంది, మరొకటి ప్రయోజనం ఎవరికి దక్కిందని అడుగుతుంది. 'స్పెయిన్ మమ్మల్ని దోచుకుంటోంది' అన్న నినాదం మొదటి లెక్కను పట్టుకుని రెండోదాన్ని వదిలేసింది. రాజధాని మాడ్రిడ్ ప్రాంతం ఇంకా ఎక్కువే ఇస్తోందన్న సంగతీ ఆ నినాదంలో లేదు. అయినా ఫిర్యాదు పూర్తిగా గాలిలో మేడ కాదు: 2009 నమూనాను ఐదేళ్ళకు సమీక్షించవలసి ఉండగా, ఆ గడువు దాటిపోయినా ఏ ప్రభుత్వమూ దాన్ని మార్చలేదు.

ఈ అసంతృప్తులన్నీ కలిపి ఒక పరిష్కారం వెతికే ప్రయత్నమే 2006 నాటి శాసనం. దాన్ని వ్యతిరేకించిన పార్టీ కాటలన్ పార్లమెంటులో ఒక్కటే: సంప్రదాయవాద పాపులర్ పార్టీ. కాటలోనియా నుంచి ఏ శాసనం వచ్చినా బలపరుస్తానని ఎన్నికల సభలో మాట ఇచ్చిన సోషలిస్టు నాయకుడు జపతేరో ప్రధాని అయ్యాక ఆ మాటను పూర్తిగా నిలబెట్టుకోలేకపోయాడు. మాడ్రిడ్‌లో కమిటీ ముందుకు వచ్చిన ముసాయిదాను గట్టిగానే చెక్కారు. కమిటీ అధ్యక్షుడిగా ఉన్న అల్ఫోన్సో గెర్రా దాన్ని వడ్రంగి చిత్రిక పట్టినట్టు నున్నగా చెక్కేశామని తర్వాత గొప్పగా చెప్పుకున్నాడు. ఆ మాట కాటలోనియాలో నేటికీ మరపున పడలేదు. చెక్కగా మిగిలింది చాలదని, స్వాతంత్ర్యం కోరే వామపక్షమైన ఎస్కెర్రా రిపబ్లికానా పార్టీ 'వద్దు' అని ఓటు వేయమంది. 2006 జూన్ 18న జరిగిన ఓటింగులో సగం కంటే కాస్త తక్కువ మందే పాల్గొన్నారు; పాల్గొన్నవారిలో దాదాపు 74 శాతం శాసనానికి ఒప్పుకున్నారు. పాపులర్ పార్టీ దేశమంతటా దానికి వ్యతిరేకంగా సంతకాలు సేకరించి, రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళింది.

తీర్పు రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో న్యాయస్థానమే రాజకీయ రణరంగమైంది: ఒక న్యాయమూర్తిని ఈ కేసు నుంచి తప్పించారు, మరొకరు మరణించినా ఆ స్థానం నింపలేదు, పదవీకాలం ముగిసినవారు వారసులు రాక కొనసాగారు. 2009 నవంబరులో కాటలోనియాలోని పన్నెండు పత్రికలు ఒకే సంపాదకీయాన్ని ఒకే రోజున ప్రచురించి న్యాయస్థానాన్ని హెచ్చరించాయి. చివరికి 2010 జూన్ 28న వెలువడిన తీర్పు 14 అధికరణాలను పూర్తిగానో పాక్షికంగానో కొట్టివేసి, మరో 27 అధికరణాలను తాను చెప్పిన అర్థంలోనే చదవాలని షరతు పెట్టింది. కాటలోనియా ఒక జాతి అన్న పీఠికలోని ప్రస్తావనకు చట్టపరమైన విలువ లేదంది; పాలనలో కాటలన్ భాషకు ప్రాధాన్యం అన్న మాటను తీసేసింది; ప్రత్యేక న్యాయ మండలిని ఒప్పుకోలేదు. న్యాయశాస్త్ర దృష్టితో చూస్తే ఇవన్నీ సమర్థించదగిన నిర్ణయాలే కావచ్చు. కాని అండలూసియా శాసనంలో పెట్టిన ఇలాంటి నిబంధనలు కొన్నింటిని పాపులర్ పార్టీ సవాలు చేయకుండా వదిలేసిందన్న సంగతి కాటలన్ల కంట పడకుండా ఎలా ఉంటుంది? అన్నిటికన్నా పెద్ద లోపం వరుసక్రమంలో ఉంది. ప్రజలు ఓటు వేయకముందే రాజ్యాంగబద్ధతను తేల్చే ఏర్పాటు అప్పటికి లేదు. తుది మాట ప్రజలదని చెప్పి ఓటు వేయించుకున్నాక, ఆ మాటకు పైన మరో మాట ఉందని చెప్పినట్టయింది. ఆ తర్వాత 2015లో స్పెయిన్ చట్టాన్ని సవరించి ముందస్తు పరిశీలనను తిరిగి తెచ్చుకుంది. రోగం కుదర్చలేకపోయినా రోగమేమిటో గుర్తించినట్టే. తీర్పు వెలువడిన కొద్ది రోజుల్లోనే, 2010 జూలై 10న, 'మేమొక జాతి, నిర్ణయించేది మేమే' అన్న బ్యానరు వెనుక బార్సిలోనా వీధులు నిండిపోయాయి. 2017 సంక్షోభానికి మూలం ఎక్కడని అడిగితే, 2017లో కాదు, ఇక్కడే అంటాను.

ఐతే తీర్పు ఒక్కటే జనాన్ని స్వాతంత్ర్యం వైపు నెట్టిందనడం కూడా సగం నిజమే. అదే కాలంలో ఆర్థిక మాంద్యం స్పెయిన్‌ను కుదిపేసింది. ఆర్తుర్ మాస్ నాయకత్వంలోని కాటలన్ ప్రభుత్వం ఆరోగ్యం, విద్య మీద భారీ కోతలు పెట్టింది. 2011 జూన్‌లో నిరసనకారులు పార్లమెంటును చుట్టుముడితే మాస్ హెలికాప్టరులో సభకు చేరవలసి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 11న స్వాతంత్ర్యం కోరుతూ లక్షలాది మంది బార్సిలోనా వీధుల్లోకి వచ్చారు. తొమ్మిది రోజులకు మాస్ మాడ్రిడ్ వెళ్ళి, బాస్క్ తరహా ఆర్థిక ఒప్పందం కావాలని అడిగాడు. ప్రధాని మరియానో రహోయ్ కుదరదన్నాడు. మాస్ ఎన్నికలకు వెళ్ళి, స్వాతంత్ర్య రథం ఎక్కాడు. కోతల కోపం తన మీద నుంచి మాడ్రిడ్ మీదకు మళ్ళడం ఆయనకు లాభించిందని చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. కాని ఆ రథాన్ని కదిలించింది నాయకులు కారు, కింది నుంచి పుట్టిన పౌర సంఘాలు. 2013 దియాదా నాడు ఉత్తరాన ఫ్రాన్సు సరిహద్దు నుంచి దక్షిణాన వలెన్సియా సరిహద్దు దాకా సుమారు 400 కిలోమీటర్ల పొడవున జనం చేయి చేయి పట్టుకుని నిలబడ్డారు. స్వాతంత్ర్యం కోరేవారి వాటా అధికారిక అభిప్రాయ సర్వేల్లో కొద్ది ఏళ్ళలోనే సగానికి చేరువైంది. సగం దాటి స్థిరపడలేదన్నది కూడా అంతే ముఖ్యం.

ఇక చట్టపు ప్రశ్నకు వద్దాం. అంతర్జాతీయ న్యాయం వలస పాలనలో ఉన్న ప్రజలకు విడిపోయే హక్కును గుర్తిస్తుంది. ప్రాతినిధ్య ప్రభుత్వం ఉన్న ప్రజాస్వామ్య దేశంలోని ప్రాంతానికి అలాంటి హక్కును ఇవ్వదు, స్పష్టంగా నిషేధించదు కూడా. 2010 జూలై 22న అంతర్జాతీయ న్యాయస్థానం కొసోవో స్వాతంత్ర్య ప్రకటన అంతర్జాతీయ న్యాయాన్ని ఉల్లంఘించలేదంది. ఇది కాటలన్ ఉద్యమకారులకు ఉత్సాహమిచ్చింది గాని, విడిపోయే హక్కు ఉందని ఆ న్యాయస్థానం ఎక్కడా అనలేదు. కెనడా సుప్రీంకోర్టు 1998లో క్వెబెక్ విషయంలో ఇచ్చిన అభిప్రాయం ఇంకా లోతైనది: ఏకపక్షంగా విడిపోయే హక్కు క్వెబెక్‌కు లేదు, కాని స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ ప్రజలు అనుకూలంగా ఓటేస్తే, చర్చలు జరపవలసిన బాధ్యత మిగతా కెనడాకు ఉంటుంది. మాడ్రిడ్‌లో ఈ తీర్పు మొదటి సగాన్ని చదివారు, బార్సిలోనాలో రెండో సగాన్ని చదివారు. స్కాట్లండ్‌లో 2012 నాటి ఎడిన్‌బరో ఒప్పందంతో లండన్ ప్రభుత్వమే ఓటింగుకు దారి ఇచ్చింది. 2014లో 55 శాతం మంది బ్రిటన్‌తోనే ఉంటామన్నారు. కాని అక్కడ కూడా ఆ అధికారం స్కాట్లండ్‌ది కాదని, లండన్ ఒప్పుకోకుండా మరో ఓటింగు జరపడం కుదరదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2022లో తేల్చింది. తేడా చట్టంలో తక్కువ, రాజకీయ సంకల్పంలో ఎక్కువ.

స్పెయిన్‌లో ఆ సంకల్పానికి చోటు బొత్తిగా లేదా? రాజ్యాంగ న్యాయస్థానం 2014 మార్చిలో ఇచ్చిన తీర్పు ఆసక్తికరమైనది. కాటలోనియా తనను తాను సార్వభౌమ శక్తిగా ప్రకటించుకోవడం చెల్లదంటూనే, 'నిర్ణయించే హక్కు'ను ఒక రాజకీయ ఆకాంక్షగా, రాజ్యాంగ సవరణ మార్గంలో సాధించుకోవడానికి ప్రయత్నించవచ్చని అది చెప్పింది. స్వాతంత్ర్యం కోరడం నేరం కాదు, దారి ఏమిటన్నదే ముఖ్యం అన్నమాట. అదే న్యాయస్థానానికి ఒకప్పుడు ఉపాధ్యక్షుడిగా ఉన్న ఫ్రాన్సిస్కో రూబియో ల్యోరెంతె లాంటి న్యాయకోవిదుడు కేంద్రం అనుమతితో కాటలోనియాలో సంప్రదింపు ఓటింగు జరిపించడం మంచిదని బహిరంగంగా వాదించాడు. అయినా ఆ ఏడాది ఏప్రిల్‌లో, ఓటింగు జరిపే అధికారాన్ని బదిలీ చేయమన్న అభ్యర్థన స్పెయిన్ దిగువ సభలో అనుకూలంగా 47, వ్యతిరేకంగా 299 ఓట్లు పడి వీగిపోయింది. రెండు పెద్ద పార్టీల్లో దేనికీ ఆ ఓటింగును బలపరచడం వల్ల మిగతా స్పెయిన్‌లో ఒక్క ఓటు వచ్చేది కాదు, పోయేవి మాత్రం చాలా ఉన్నాయి.

అసలు 'కాటలోనియా ప్రజలు' అన్నప్పుడు ఎవరిని లెక్కించాలన్న చిక్కు లోపల కూడా ఉంది. 1950ల నుంచి 1970ల దాకా అండలూసియా, ముర్సియా వంటి ప్రాంతాల నుంచి లక్షల మంది పని వెతుక్కుంటూ బార్సిలోనా చుట్టుపక్కల పారిశ్రామిక పట్టణాలకు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో స్పానిష్ మాట్లాడే ఈ కుటుంబాల్లో స్వాతంత్ర్యానికి మద్దతు తక్కువ. జిరోనా, లెయిదా వంటి లోపలి ప్రాంతాల్లో, కాటలన్ మాతృభాషగా ఉన్నవారిలో ఎక్కువ. ఈ విభజన గోడ కట్టినట్టు ఉండదు. స్పానిష్ మాట్లాడే స్వాతంత్ర్యవాదులూ, కాటలన్ మాట్లాడే సమైక్యవాదులూ ఒకే కుటుంబంలో కనబడతారు. కాని ఓట్ల పటం మీద అది స్పష్టంగానే తెలుస్తుంది. సీట్ల పంపకంలో కూడా తేడా ఉంది: జనాభాలో దాదాపు నాలుగింట మూడు వంతులున్న బార్సిలోనా ప్రావిన్సుకు 135లో 85 సీట్లే. అందువల్ల 2015 ఎన్నికల్లో స్వాతంత్ర్య పార్టీలు 47.8 శాతం ఓట్లతో 72 సీట్లు గెలిచాయి. తామే ఆ ఎన్నికలను ప్రజాభిప్రాయ సేకరణగా భావించమని అడిగి, ఓట్లలో సగం దాటకపోయినా సీట్ల లెక్కతో ముందుకు సాగారు. ఉద్యమం చేసిన పెద్ద తప్పు ఇదేనని నా అభిప్రాయం. సంఖ్యాబలం లేకపోవడాన్ని వేగంతో పూడ్చుకోవచ్చని వారు అనుకున్నారు.

2017 అక్టోబరు 1 నాటికి ఈ రెండు మొండితనాలు ఎదురెదురుగా నిలిచాయి. న్యాయస్థానం ఓటింగును నిలిపివేసింది; పోలీసులు ముద్రణాలయాలు సోదా చేసి లక్షల బ్యాలెట్ పత్రాలు పట్టుకున్నారు; బయటి నుంచి వచ్చిన వేలాది పోలీసుల్లో చాలామందిని బార్సిలోనా రేవులో అద్దె ఓడల్లో ఉంచారు. వాటిలో ఒకదాని మీద ట్వీటీ పక్షి సహా పిల్లల కార్టూన్ బొమ్మలు పెద్దవిగా గీసి ఉండడంతో, దేశ సమైక్యతను కాపాడడానికి వచ్చిన దళం ఊరంతా నవ్వుకునే వేళాకోళమైంది. ఎంత వెతికినా వారికి బ్యాలెట్ పెట్టెలు మాత్రం దొరకలేదు. చైనాలో తయారైన ఆ తెల్లని ప్లాస్టిక్ పెట్టెలను సరిహద్దుకు అవతల ఫ్రాన్సులోని ఎల్నా అనే చిన్న పట్టణంలో దాచి, అక్కడి నుంచి సొంత కార్లలో కొన్ని కొన్నిగా తెచ్చి ఇళ్ళలో ఉంచారు. పోలింగు కేంద్రాలుగా వాడే బడులను పోలీసులు మూసివేయకుండా, తల్లిదండ్రులూ ఇరుగుపొరుగువారూ శుక్రవారం సాయంత్రం నుంచే లోపల ఉండిపోయి, పిల్లల ఆటపాటల పేరుతో రాత్రులు అక్కడే గడిపారు. ఓటింగు మొదలవడానికి కాస్త ముందు, ఎవరైనా ఏ కేంద్రంలోనైనా ఓటు వేయవచ్చని ప్రకటించారు. ఓటింగు విశ్వసనీయత అక్కడే చాలా వరకు కరిగిపోయింది. కాని ఆ సాంకేతిక చర్చ జరిగే అవకాశం లేకుండా, బడి మెట్ల మీద కూర్చున్నవారిని లాఠీలతో కొట్టి, జుట్టు పట్టుకుని ఈడ్చిన దృశ్యాలు ప్రపంచమంతటా ప్రసారమయ్యాయి. ఆనాటి ఘటనల్లో వెయ్యికి పైగా మందికి వైద్య సహాయం అందించామని కాటలన్ ఆరోగ్య శాఖ చెప్పింది. లెక్కలోకి వచ్చిన ఓట్లు సుమారు 22.9 లక్షలు, అంటే ఓటర్లలో దాదాపు 43 శాతం. వాటిలో 90 శాతం స్వాతంత్ర్యానికి అనుకూలం. వ్యతిరేకులు దాన్ని ఓటింగుగా గుర్తించలేదు కాబట్టి చాలా వరకు ఇళ్ళలోనే ఉండిపోయారు.

తర్వాతి వారాల్లో ఉద్యమ నాయకత్వానికి ముందుచూపు ఎంత తక్కువో తెలిసివచ్చింది. అక్టోబరు 3న రాజు ఆరవ ఫెలిపే టెలివిజన్ ప్రసంగంలో కాటలన్ ప్రభుత్వాన్ని గట్టిగా మందలించాడు. దెబ్బలు తిన్నవారి ప్రస్తావన అందులో లేదు. సబదెల్, కైషాబ్యాంక్ అనే రెండు పెద్ద బ్యాంకులు తమ రిజిస్టర్డు కార్యాలయాలను కాటలోనియా దాటించాయి. వాటి వెనుక వేలాది కంపెనీలు కదిలాయి. కొత్త దేశం యూరోపియన్ యూనియన్ వెలుపల ఉంటుందని, తిరిగి చేరాలంటే స్పెయిన్ సహా సభ్యదేశాలన్నీ ఒప్పుకోవాలని బ్రసెల్స్ ఎప్పటి నుంచో చెబుతున్న మాట అప్పుడు అందరికీ వినబడింది. 10వ తేదీ సాయంత్రం పార్లమెంటు బయట పెద్ద తెరల ముందు జనం గుమిగూడగా, ప్రభుత్వాధినేత కార్లెస్ పుజ్‌దెమోన్ గంట ఆలస్యంగా లేచి, రిపబ్లిక్‌గా స్వతంత్ర దేశం కావాలన్న ప్రజాతీర్పును స్వీకరిస్తున్నానన్నాడు. హర్షధ్వానాలు మొదలయ్యాయి. కొన్ని క్షణాలకే, చర్చల కోసం ఆ ప్రకటన ప్రభావాన్ని నిలిపి ఉంచమని సభను కోరుతున్నానన్నాడు. తెర ముందు చప్పట్లు కొట్టినవారు ముఖముఖాలు చూసుకున్నారు. 26న ఎన్నికలు ప్రకటించి గండం దాటే ఆలోచన చేసి, ద్రోహి అన్న నిందలు సామాజిక మాధ్యమాల్లో మొదలవగానే వెనక్కి తగ్గాడు. 27న ప్రతిపక్షం వెళ్ళిపోయాక మిగిలిన సభలో రహస్య ఓటింగు జరిగి, 70 మంది అనుకూలంగా ఓటేశారు. స్వాతంత్ర్య ప్రకటన ఉన్నది తీర్మానపు పీఠికలో. ఓటు పడింది దాని కింది భాగానికి. కాటలన్ ప్రభుత్వ భవనం మీద స్పెయిన్ జెండాను దించలేదు. అదే రోజు స్పెయిన్ ఎగువ సభ సెనేట్, దారితప్పిన ప్రాంతంపై కేంద్రం చర్య తీసుకోవడానికి వీలిచ్చే రాజ్యాంగపు 155వ అధికరణం అమలును ఆమోదించింది. రహోయ్ కాటలన్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి, పార్లమెంటును రద్దుచేసి, డిసెంబరు 21న ఎన్నికలు ప్రకటించాడు. పుజ్‌దెమోన్ బెల్జియం చేరాడు. ఉపాధినేత ఉరియోల్ జుంకేరాస్ జైలుకెళ్ళాడు. ఎన్నికల ఫలితం మళ్ళీ అదే: 47.5 శాతం ఓట్లు, 70 సీట్లు.

రాజకీయం చేతులెత్తేసిన చోట న్యాయస్థానాలు ప్రవేశించాయి. 2019 అక్టోబరు 14న స్పెయిన్ సుప్రీంకోర్టు తొమ్మిది మందికి రాజద్రోహం కింద తొమ్మిది నుంచి పదమూడేళ్ళ శిక్ష వేసింది. ప్రభుత్వ న్యాయవాదులు కోరిన సాయుధ తిరుగుబాటు అభియోగాన్ని మాత్రం అంగీకరించలేదు. నాయకులు ప్రజలకు చూపించింది ఒక పగటికల, అది సాధ్యం కాదని వారికే తెలుసన్నది తీర్పు సారాంశం. ఇందులో ఒక వైరుధ్యం దాగి ఉంది. పగటికల కన్నందుకు పదమూడేళ్ళా అని ఒకవైపు, కలే అయితే ఇరవై లక్షల మందిని ఎందుకు నమ్మించారని మరోవైపు అడగవచ్చు. జర్మనీలోని ఒక న్యాయస్థానం అంతకుముందే పుజ్‌దెమోన్‌ను తిరుగుబాటు నేరం మీద అప్పగించడానికి నిరాకరించింది.

ఆ తర్వాత వచ్చిన సడలింపులన్నీ సోషలిస్టు ప్రధాని పేద్రో సాంచెజ్ సర్కారుకు మెజారిటీ లేకపోవడం చలువే. 2021 జూన్‌లో జైల్లో ఉన్న తొమ్మిది మందికి క్షమాభిక్ష దొరికింది. 2022 చివరలో రాజద్రోహ నేరాన్నే శిక్షాస్మృతి నుంచి తీసేశారు. 2023 ఎన్నికల తర్వాత పుజ్‌దెమోన్ పార్టీ జుంత్స్‌కున్న ఏడు ఓట్లు లేనిదే ప్రధాని కాలేని స్థితిలో సాంచెజ్ సార్వత్రిక క్షమాభిక్షకు ఒప్పుకున్నాడు. ఎన్నికలకు ముందు అది రాజ్యాంగవిరుద్ధమన్న పార్టీయే ఆ చట్టాన్ని 2024 మే 30న 177కు 172 ఓట్లతో గట్టెక్కించింది. రాజ్యాంగ న్యాయస్థానం 2025 జూన్‌లో దాని సారాన్ని సమర్థించింది. కాని ప్రజాధనం దుర్వినియోగ నేరానికి అది వర్తించదని సుప్రీంకోర్టు 2024 జూలైలోనే భాష్యం చెప్పడంతో, ఎవరి కోసం చట్టం పుట్టిందో ఆ పుజ్‌దెమోన్‌కే అది అక్కరకు రాలేదు. ఉద్దేశం స్వార్థమే అయినా ఫలితం మరోలా వచ్చింది: 2024 మే ఎన్నికల్లో స్వాతంత్ర్య పార్టీలన్నీ కలిసి 61 సీట్లకు పడిపోయి, పార్లమెంటులో మెజారిటీ కోల్పోయాయి. సోషలిస్టు సాల్వదోర్ ఇల్యా ప్రభుత్వాధినేత అయ్యాడు. జైలు శిక్షలతో ఉద్యమం బలపడుతుందని, క్షమాభిక్షతో చెదిరిపోతుందని ఖాయంగా చెప్పడానికి లేదు. కరువు, కోవిడ్, నాయకుల అంతఃకలహాలు కూడా వాటి వంతు చేశాయి.

ఇల్యాకు మద్దతిచ్చినందుకు ఎస్కెర్రా రిపబ్లికానా అడిగిన ధర, వివాదాన్ని మళ్ళీ డబ్బు దగ్గరకే తెచ్చింది. కాటలోనియాలో పన్నులన్నీ కాటలన్ పన్నుల సంస్థే, మొదట ఆదాయపు పన్నుతో ఆరంభించి, వసూలు చేయాలి; కేంద్రం సేవలకు కొంత, పేద ప్రాంతాల సంఘీభావానికి కొంత చెల్లించాలి. ఈ ఒప్పందాన్ని ఆ పార్టీ సభ్యులే స్వల్ప తేడాతో ఆమోదించారు. పుజ్‌దెమోన్ వర్గానికి ఇది బాస్క్ ఏర్పాటుకు సాటిరాని సగం పని; కాస్తీయా-లా మాంచా ప్రాంతాన్ని పాలించే సాంచెజ్ సొంత పార్టీ నాయకుడు ఎమిలియానో గార్సియా-పాహేకు ఇది ధనిక ప్రాంతం ఉమ్మడి కుండను పగలగొట్టడం. ప్రాంతాల ఆర్థిక వ్యవహారాలను నడిపే మౌలిక చట్టాన్ని సవరించనిదే ఇందులో ముఖ్యమైన భాగం అమలుకాదు. ఆ సవరణకు స్పెయిన్ దిగువ సభలోని 350 మందిలో 176 మంది ఒప్పుకోవాలి, ఆ 350 మందిలో కాటలోనియా నుంచి ఎన్నికైనవారు 48 మంది మాత్రమే.